జాస్పియన్ జపాన్‌వాడు కదా, మరి బ్రెజిల్ వాళ్ళు మావాడంటారేంటి?

చుక్కలదారి:

అందరికీ నమస్కారం అండీ. వారం రోజులుగా ఒక ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళని తవ్వి తీసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

జపాన్ వాళ్ళ పాత తొకుసత్సు సీరియళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాను. రబ్బరు సూట్ల రాక్షసులు, మెరిసే కవచం తొడుక్కున్న హీరో, చివర్లో అట్టముక్కల నగరం మధ్య కొట్టుకునే పెద్ద రోబో, మీకు తెలిసిన సరంజామానే. అలా 1985లో తోయే కంపెనీ తీసిన జాస్పియన్ దగ్గరికొచ్చాను. అనాథ కుర్రాడు, వాణ్ణి పెంచిన ఎడిన్ అనే ప్రవక్త, తోడుగా అన్రి అనే ఆండ్రాయిడ్ అమ్మాయి, ఊరుకున్న రాక్షసులకి పిచ్చెక్కించే సేటన్ గాస్. నాకు బాగా నచ్చింది. యూట్యూబ్‌లో చూసి కామెంట్లలోకి దిగితే జపనీస్ భాష కనపడితే ఒట్టు! ఒకటే పోర్చుగీస్. ట్రాన్స్‌లేట్ కొట్టి చదివితే అందరూ నలభై దాటినవాళ్ళే, ఇది మా చిన్నతనం, స్కూలు నుంచి పరిగెత్తుకొచ్చి చూసేవాళ్ళం అని రాస్తున్నారు. ఒకాయన అయితే చనిపోయిన తన అన్నతో కలిసి చూసిన రోజులు గుర్తు చేసుకుంటూ పేరాలకి పేరాలు రాశాడు, అది చదివాక నాకు ఆ రోజు ఇంకో ఎపిసోడ్ పెట్టబుద్ధి కాలేదు.

ఇంతకీ నా సందేహం ఏంటంటే, జపాన్‌లో ఈ మెరిసే కవచం హీరోల సీరియళ్ళ వరుసకి ఆద్యుడు గవాన్ కదా, 1982లో వచ్చినవాడు. జాస్పియన్ నాలుగోవాడు. అక్కడ పేరు గవాన్‌దే ఎక్కువ. మరి ప్రపంచానికి అటు చివరున్న బ్రెజిల్‌లో ఈ నాలుగోవాడు ఇంటి మనిషి ఎలా అయ్యాడు? ఎవరు తెచ్చారు, పోర్చుగీస్‌లో ఎవరు మాట్లాడించారు? బ్రెజిల్‌లో జపాన్ నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు ఎక్కువ కాబట్టి అని ఒకచోట చదివాను, అంతేనా, ఇంకేమైనా ఉందా?

పాతటేపు:

చుక్కలదారి గారూ, ఈ ప్రశ్న చూసి ప్రాణం లేచొచ్చింది. నాకు సీరియల్ కంటే అది బ్రెజిల్ చేరిన కథే ఎక్కువ ఇష్టం. మూడేళ్ళు సావో పాలోలో ఉద్యోగం చేశాను, మా ఆఫీసులో నా ఈడు వాళ్ళని ఎవర్ని కదిపినా ఈ కథ చెప్పేవాళ్ళు.

మొదలైంది టీవీలో కాదు, వీడియో క్యాసెట్లలో. సావో పాలోలో లిబెర్దాజీ అని జపాన్ వాళ్ళ పేట ఒకటుంది. అక్కడి వీడియో వ్యాపారంలోంచి వచ్చినాయన తోషిహికో ఎగాషిరా. ఆయన సంస్థ పేరు ఎవరెస్ట్ వీడియో. తోయే దగ్గర జాస్పియన్, చేంజ్‌మన్, ఈ రెండింటి హక్కులు తీసుకుని పోర్చుగీస్‌లోకి డబ్బింగ్ చేయించి ముందు క్యాసెట్లుగా వదిలాడు. పెద్ద స్టూడియో కాదు, ప్రభుత్వం కాదు, సాంస్కృతిక రాయబారం కాదు. ఒక చిన్న వ్యాపారి, చేతిలో రెండు సీరియళ్ళు. టీవీలోకి ఎక్కింది 1988 ఫిబ్రవరిలో, మాన్షెచీ అనే ఛానల్లో.

ఇప్పుడు ఆ ఛానల్ పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది. మాన్షెచీ 1983లో మొదలైంది, పత్రికల వ్యాపారంలో పేరున్న అడోల్ఫో బ్లోక్‌ది. ఎదురుగా గ్లోబో, ఏనుగంత ఛానల్. మాన్షెచీలో పిల్లల కార్యక్రమానికి షూషా అనే అమ్మాయి యాంకర్, 1986లో ఆమె గ్లోబోకి వెళ్ళిపోయి అక్కడ దేశం మొత్తాన్ని ఊపేసింది. పిల్లలు ఆమె వెంటే పోయారు. వీళ్ళకి పిల్లల్ని వెనక్కి రప్పించే సరుకు కావాలి, అదీ చవగ్గా. ఆ రోజుల్లో బ్రెజిల్‌లో ధరలు ఎలా మండిపోయేవంటే, 1989లో ద్రవ్యోల్బణం వెయ్యి శాతం దాటింది. అమెరికా వాళ్ళ ఖరీదైన కార్టూన్లతో గ్లోబోని కొట్టే స్తోమత వీళ్ళకి లేదు. సరిగ్గా అప్పుడు ఎగాషిరా చేతిలో డబ్బింగ్ పూర్తయిన, గ్లోబోలో లేని, ఎవరూ చూడని సరుకు ఉంది.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. జపాన్‌లో జాస్పియన్ వారానికి ఒక్క ఎపిసోడ్ చొప్పున వచ్చింది, 46 ఎపిసోడ్లు పూర్తవడానికి ఏడాది పట్టింది. బ్రెజిల్‌లో వారంలో ప్రతి పనిదినం వేశారు. అంటే రెండు నెలల చిల్లరలో కథ మొత్తం అయిపోతుంది, వెంటనే మళ్ళీ మొదటి నుంచి. అక్కడ పెద్దవాళ్ళకి రాత్రిపూట నొవెలా, అంటే రోజువారీ సీరియల్, అన్నం తిన్నంత అలవాటు. నిన్న ఆగిన చోట ఇవాళ మొదలవ్వాలి అన్నది పిల్లలకి కూడా పుట్టుకతో వచ్చిన అలవాటే. జాస్పియన్‌లో జోస్యం ఉంది, బంగారు పక్షి ఉంది, మెల్లగా విచ్చుకునే కథ ఉంది. వారానికోసారి చూసే జపాన్ పిల్లాడికి అది రాక్షసుడి ఎపిసోడ్, రోజూ చూసే బ్రెజిల్ పిల్లాడికి అది తన సొంత నొవెలా. ఇది నా అభిప్రాయం, కానీ అక్కడ ఉన్నన్నాళ్ళూ విన్న మాటల్ని బట్టే చెబుతున్నా.

మీ గవాన్ సంగతికి వస్తే, గవాన్ కూడా బ్రెజిల్ వెళ్ళాడు, కాకపోతే జాస్పియన్ తర్వాత. మనవణ్ణి చూసి మురిసిపోయాక తాతని పరిచయం చేస్తే ఎలా ఉంటుంది? అక్కడి పిల్లలకి గవాన్ అంటే జాస్పియన్‌లా ఉండే ఇంకొకడు. జపాన్‌లో జాస్పియన్ తర్వాత వచ్చిన స్పీల్‌బాన్‌ని అయితే ఏకంగా జాస్పియన్ 2 అని పేరు పెట్టి అమ్మారు. కథకీ కథకీ సంబంధమే లేదు! ఆ పేరుకి అంత గిరాకీ ఉండేది.

రెండుముక్కలు:

పాతటేపు అన్నా, అంతా బాగుంది కానీ వలస వచ్చినవాళ్ళ పాత్ర మరీ తక్కువ చేసి చెబుతున్నావు. 1908 జూన్ 18న కసాతో మారు ఓడ సాంతోస్ రేవులో 781 మందిని దించింది. అక్కడ మొదలై ఇవాళ జపాన్ బయట జపాన్ మూలాలున్నవాళ్ళు అందరికంటే ఎక్కువ ఉన్న దేశం బ్రెజిలే. వాళ్ళు లేకపోతే లిబెర్దాజీ లేదు, ఎగాషిరా లేడు, టేపు లేదు. అంతేగా?

పాతటేపు:

లేదు తమ్ముడూ, తక్కువ చేయడం లేదు. వాళ్ళు లేకపోతే తలుపే లేదు, ఒప్పుకుంటా. కానీ తలుపులోంచి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి అన్నం పెట్టింది వేరేవాళ్ళు. జాస్పియన్‌ని నెత్తిన పెట్టుకున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా జపాన్‌తో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు, ఇటలీ, ఆఫ్రికా, పోర్చుగల్ మూలాలవాళ్ళు. మా ఆఫీసులో నాకు పాట నేర్పిన మనిషి ఈశాన్యంలో రెసీఫె దగ్గర పుట్టినవాడు, పదిహేనేళ్ళు వచ్చేదాకా జపాన్ మూలాలున్న మనిషిని కళ్ళతో చూడలేదన్నాడు.

అదీకాక ఇది మొదటిసారేం కాదు. జాస్పియన్‌కి పాతికేళ్ళ ముందు నేషనల్ కిడ్ అని ఒక సీరియల్ ఉంది, 1960లో తోయే తీసింది. స్పాన్సరు మాత్సుషిటా వాళ్ళ నేషనల్ బ్రాండు, అందుకే హీరోకి ఆ పేరు. 39 ఎపిసోడ్లు. జపాన్‌లో పెద్దగా ఆడలేదు. 1964లో బ్రెజిల్ టీవీలో వేస్తే పిల్లలు వెర్రెత్తిపోయారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, వీడు ఇంట గెలవకుండానే రచ్చ గెలిచాడు. అప్పుడు వీడియో క్యాసెట్లూ లేవు, మాన్షెచీ లేదు. రెండుసార్లూ ఉన్నది ఒక్కటే, పిల్లలకి అర్థమయ్యే భాషలో, ఇంట్లో టీవీలో రావడం.

గొంతుపని:

ఇన్ని మాట్లాడుకున్నారు, అసలు మాట్లాడించినవాళ్ళ పేరు ఒక్కరూ ఎత్తలేదు. నేను డబ్బింగ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు ముందు అదే గుర్తొస్తుంది, ఏమీ అనుకోవద్దు.

జాస్పియన్‌ని పోర్చుగీస్‌లోకి మార్చింది సావో పాలోలోని ఆలమో స్టూడియో. బ్రెజిల్‌లో డబ్బింగ్ అయిన ప్రతిదాని మొదట్లో ఒక గొంతు వినిపిస్తుంది, వెర్సావ్ బ్రజిలేయిరా అని స్టూడియో పేరు చెబుతుంది. బ్రెజిల్ రూపం, ఆలమో, అంతే అర్థం. ఆ రెండు ముక్కలూ వినపడగానే అక్కడివాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. ఏ దేశంలోనైనా డబ్బింగ్ చేసినవాళ్ళ పేరు సినిమా అయిపోయి జనం లేచి వెళ్ళిపోయాక వస్తుంది, అసలు వస్తే. అక్కడ కథ కంటే ముందు వస్తుంది. పనిచేసేవాళ్ళకి అది ఎంత గౌరవమో ఈ రంగంలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

జాస్పియన్‌కి గొంతు ఇచ్చినాయన కార్లోస్ తకేషి, జపాన్ మూలాలున్న బ్రెజిల్ నటుడు. జపాన్ హీరో ముఖం, జపాన్ మూలాలున్న మనిషి గొంతు, మాట మాత్రం సావో పాలో పోర్చుగీస్. ఇంత చక్కగా అతికిన జత అరుదు. నేను ఆ భాష అర్థం కాకపోయినా రెండు ఎపిసోడ్లు కళ్ళు మూసుకుని విన్నాను. కోపంలో అరిచేటప్పుడు గొంతు చిరగనివ్వడు. పిల్లల సీరియలే కదా అని తేలిగ్గా చెప్పి వదిలేసిన చోటు ఒక్కటి దొరకలేదు నాకు. అన్రితో మాట్లాడేటప్పుడు అదే మనిషి చెల్లెలితో మాట్లాడినట్టు స్థాయి తగ్గిస్తాడు. ఇది స్క్రిప్ట్‌లో రాసి ఉండదు, మైకు ముందు నిలబడ్డవాడు బొమ్మని చూసి తెచ్చుకోవాల్సిందే.

పేర్లు ఎలా మారాయో చూడండి, నాకు ఇది మహా ఇష్టం. విలన్ కొడుకు జపాన్‌లో మ్యాడ్ గ్యాలంట్. జపనీస్ నోట్లో అది మద్దో గ్యారన్ అవుతుంది. అది చెవికెక్కి బ్రెజిల్‌లో మాక్‌గారెన్ అయింది. జస్టిస్, చాంపియన్ కలిపి కట్టిన హీరో పేరులో ఆ జస్టిస్ కాస్తా జాస్ అయిపోయింది. తప్పు అనొచ్చు. నేను అనను. కాగితం చూసి కాకుండా చెవితో విని రాసిన పేర్లు ఇవి, అందుకే నోరు తిరుగుతాయి. పిల్లలు వీధిలో ఆడుకుంటూ అరవడానికి మాక్‌గారెన్ ఎంత బాగుంటుందో ఒకసారి పైకి అని చూడండి.

పాటల్ని మాత్రం ముట్టుకోలేదు, జపనీస్‌లోనే ఉంచేశారు. నేనైతే మార్చమని పట్టుబట్టేవాణ్ణేమో, అది పొరపాటయ్యేది. అర్థం తెలియకుండానే ఒక తరం మొత్తం ఆ పాటల్ని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుంది.

పాతటేపు:

గొంతుపని గారూ, మీరు చెప్పిన చివరి మాటకి నేను కళ్ళారా సాక్షిని. చేంజ్‌మన్ మొదటి పాట పాడింది హిరోనోబు కగేయమ, తర్వాత డ్రాగన్ బాల్ జెడ్ పాటతో ప్రపంచమంతా తెలిసినాయన. ఆయన బ్రెజిల్ చాలాసార్లు వెళ్ళి పాడాడు. సావో పాలోలో 2003 నుంచి అనిమే ఫ్రెండ్స్ అని పెద్ద ఉత్సవం జరుగుతుంది, అక్కడ ఒకసారి ఆ పాట మొదలైనప్పుడు హాల్లో ఉన్నాను. పక్కన నెరిసిన గడ్డంతో ఒకాయన, భుజాల మీద కూతురు. జపనీస్ ఒక్క ముక్క రాదు, పాట మొత్తం వచ్చు. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా లేదు, పాడుతూనే ఉన్నాడు.

కొత్తగొంగళి:

ఒక చిన్న ప్రశ్న. మా క్లయింట్ టీంలో బ్రెజిల్ వాళ్ళున్నారు, మొన్న కాల్‌లో ఒకతను రోడ్డు మీద ఒక జాస్పియన్ నన్ను గుద్దబోయాడు అన్నాడు. అందరూ అర్థమైనట్టే తలూపారు. అదేంటి?

పాతటేపు:

స్పోర్ట్స్ బైకు మీద నెత్తి నుంచి కాళ్ళ దాకా లెదర్ సూటు, రంగు హెల్మెట్ వేసుకుని దూసుకుపోయేవాణ్ణి అక్కడ జాస్పియన్ అంటారు. సీరియల్ ఎప్పుడూ చూడని పిల్లలు కూడా అంటారు. పేరు భాషలో కలిసిపోయింది.

తేజోతీరం:

నేను లిస్బన్‌లో ఉంటాను. ప్రశ్న బ్రెజిల్ గురించే అయినా ఒక మాట చెప్పాలి. పోర్చుగీస్ మాట్లాడేవాళ్ళు అనగానే అందరినీ ఒకే గాటన కట్టేస్తాం, కానీ ఈ విషయంలో బ్రెజిల్, పోర్చుగల్ ఉత్తర దక్షిణాలు.

పోర్చుగల్‌లో 1948లో ఒక చట్టం తెచ్చారు, విదేశీ సినిమాలని పోర్చుగీస్‌లోకి డబ్బింగ్ చేసి ప్రదర్శించకూడదని. సాలజార్ నియంతృత్వం నడుస్తున్న కాలం. దేశంలో తీసిన సినిమాలకి రక్షణ అన్నది చెప్పిన కారణం. విదేశీ సినిమా విదేశీ భాషలోనే ఉంటే జనం సొంత భాష సినిమాకి వస్తారని లెక్క. దాంతో సబ్‌టైటిళ్ళు చదువుకుంటూ చూడడం ఇక్కడ తరాల అలవాటు అయిపోయింది, చట్టం సంగతి మర్చిపోయాక కూడా అలవాటు పోలేదు. ఇప్పటికీ ఇక్కడ పెద్దవాళ్ళ విదేశీ సీరియల్ ఏదైనా అసలు గొంతుతోనే చూస్తారు. నా సహోద్యోగులు ఇంగ్లిష్ అంత బాగా మాట్లాడడానికి అదొక కారణమని వాళ్ళే చెబుతారు.

కానీ చదవడం రాని పిల్లల మాటేంటి? ఇక్కడే తమాషా. చాలాకాలం డిస్నీ కార్టూన్ సినిమాలు పోర్చుగల్ పిల్లలకి బ్రెజిల్ గొంతుల్తోనే వచ్చేవి. పోర్చుగల్ యాసలో డబ్బింగ్ అయిన మొదటి డిస్నీ సినిమా 1994లో వచ్చిన లయన్ కింగ్. అంతవరకు లిస్బన్ పిల్లాడికి కార్టూన్ ఎలక మాట్లాడేది రియో యాసలో. డబ్బింగ్ అన్న మాట కూడా రెండు దేశాల్లో ఒకటి కాదు, అక్కడ దుబ్లాజెం, ఇక్కడ దొబ్రాజెం.

ఆ తర్వాత ఇక్కడి పిల్లల్ని పట్టి ఊపింది డ్రాగన్ బాల్, 1990ల మధ్యలో సిక్ అనే ఛానల్లో. అది జపనీస్ నుంచి నేరుగా రాలేదు, ఫ్రెంచ్ రూపాన్ని ఆధారం చేసుకుని పోర్చుగీస్ చేశారు. గుప్పెడుమంది నటులే డజన్ల పాత్రలకి గొంతులిచ్చారు, మధ్యలో సొంత మాటలూ కలిపేశారు. మూలానికి న్యాయం జరిగిందా అంటే వాదించుకోవచ్చు, కానీ ఇక్కడి ముప్పైల్లో ఉన్నవాళ్ళని అడగండి, ఆ గొంతులు తప్ప ఇంకోటి ఒప్పుకోరు. అంటే బ్రెజిల్‌కి జాస్పియన్ ఎలాగో పోర్చుగల్‌కి అది అలా. గొంతుపని గారు చెప్పింది రెండు తీరాల్లోనూ నిజమే.

సన్నచక్షరం:

తెర మీద సంగతులే అవుతున్నాయి. పుస్తకంగా వెళ్ళినదాని గురించి నేను చెబుతా, నాకు దీని మీద ప్రాణం.

పెర్రీ రోడాన్ అని జర్మన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్, 1961 సెప్టెంబరులో మొదలైంది. కె. హెచ్. షేర్, క్లార్క్ డార్ల్‌టన్ కలిసి పుట్టించారు, తర్వాత ఎందరో రచయితలు చెయ్యి కలిపారు. వారానికో పల్చటి పుస్తకం, ఆగకుండా. 2019కి 3000 సంచికలు దాటింది. అంతరిక్షంలో మానవజాతి చరిత్ర మొత్తం రాసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. దీన్ని బ్రెజిల్‌లో రియోకి చెందిన ఎడియోరో ప్రచురణ సంస్థ జేబులో పట్టే పుస్తకాలుగా 1991 దాకా వేసింది. మొత్తం 536 నంబర్లు!

వాటిలో దాదాపు అన్నింటినీ జర్మన్ నుంచి పోర్చుగీస్‌లోకి తెచ్చింది ఒక్క మనిషి, రిచర్డ్ పాల్ నేటో. ఒక్కసారి ఆలోచించండి. జర్మనీలో రచయితలు మారుతున్నారు, ఒకరి వాక్యం పొడుగు, ఒకరిది పొట్టి, ఒకరికి యుద్ధాలు ఇష్టం, ఒకరికి మనుషులు. బ్రెజిల్ పాఠకుడికి మాత్రం ఏళ్ళ తరబడి వినిపించింది ఒకే చేతిరాత. అక్కడి అభిమానులు రచయితల పేర్లు తప్పు చెప్పినా అనువాదకుడి పేరు తప్పు చెప్పరు. అనువాదాలు చదివి పెరిగిన పాఠకుడిగా నాకు ఇది గుండెకి తగులుతుంది, మనం ఎంతమంది అనువాదకుల పేర్లు గుర్తుపెట్టుకున్నాం?

ఇక 536తో ఆగిపోవడం గురించి. జర్మన్ సంచికల్లో 500 నుంచి 569 దాకా ఒకే కథాచక్రం నడుస్తుంది, గుంపుగా కదిలివచ్చే నక్షత్ర సమూహం కథ. అంటే ఎడియోరో ఆపేసింది కథ సరిగ్గా నడిమధ్యలో. ఇంటర్నెట్ లేదు, జర్మన్ రాదు. ఏమైందో తెలుసుకోవడానికి ఇంకో దారి లేదు. 2001లో బెలో ఒరిజోంచి నగరంలో ఎస్‌ఎస్‌పీజీ అనే చిన్న ప్రచురణ సంస్థ మళ్ళీ పోర్చుగీస్‌లో వేయడం మొదలుపెట్టేదాకా పదేళ్ళు పాఠకులు అలా వేలాడుతూ ఉండిపోయారు. ఆ పదేళ్ళూ పాత పుస్తకాలు అమ్మే కొట్ల చుట్టూ తిరుగుతూ, తప్పిపోయిన నంబర్లు వెతుక్కుంటూ, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ ఆ సీరియల్‌ని బతికించింది పాఠకులే.

తేజోతీరం గారూ, మీ వైపు నుంచి ఒకటి మీరు మర్చిపోయారు, లేదా నా కోసం వదిలేశారు. లిస్బన్‌లో లివ్రోస్ దు బ్రజిల్ అనే సంస్థ 1953లో అర్గొనౌతా అనే సైన్స్ ఫిక్షన్ పుస్తకాల వరుస మొదలుపెట్టింది. 500 పైచిలుకు పుస్తకాలు. ఇంగ్లిష్, అమెరికన్ రచయితల్ని పోర్చుగీస్ పాఠకులకి పరిచయం చేసింది ఎక్కువగా అదే. అవి సముద్రం దాటి బ్రెజిల్ పాఠకుల చేతుల్లోకీ వెళ్ళాయి. కార్టూన్లు అటు నుంచి ఇటు వస్తే పుస్తకాలు ఇటు నుంచి అటు పోయాయన్నమాట. ఆ అట్టల మీద బొమ్మలు దొరికితే చూడండి, ఒక్కొక్కటీ గోడకి తగిలించుకోవచ్చు.

చుక్కలదారి:

ఇంత రాస్తారని అనుకోలేదు, చాలా చాలా థాంక్స్ అందరికీ. పొద్దున్నుంచి మూడుసార్లు చదివాను. పెర్రీ రోడాన్ 536 దగ్గర ఆగిపోయిన సంగతి చదివాక పుస్తకం మూయలేక కూర్చున్నవాళ్ళే కళ్ళ ముందు కనపడుతున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. అంత గొప్పగా ఆడిన జాస్పియన్‌ని మధ్యలో ఎందుకు ఆపేశారు? బొమ్మలూ అవీ అమ్మేవారా అక్కడ, లేక జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్ళా? మళ్ళీ ఇప్పుడు యూట్యూబ్‌లోకి ఎలా వచ్చింది?

పాతటేపు:

రెండన్నారు, మూడు అడిగారు, పర్లేదు, చెబుతా.

బొమ్మలు ముందు. 1990కి ముందు బ్రెజిల్‌లో విదేశీ సరుకు దిగుమతి చాలా కష్టం. కాబట్టి జాస్పియన్ బొమ్మలు గ్లాస్‌లైట్ అనే బ్రెజిల్ కంపెనీ అక్కడే తయారుచేసి అమ్మింది. కామిక్స్ కూడా అక్కడి రచయితలు, చిత్రకారులే వేశారు. అంటే పిల్లాడి చేతిలో ఉన్న బొమ్మ బ్రెజిల్‌ది, చదివే కామిక్ బ్రెజిల్‌ది, చెవిలో గొంతు బ్రెజిల్‌ది. మావాడు అని ఎందుకు అనరు?

ఆగిపోవడానికి మొదటి కారణం అతి. 1990ల మొదటికి ప్రతి ఛానలూ తలా రెండు తొకుసత్సులు తెచ్చి పెట్టింది, ఫ్లాష్‌మన్, జిరాయా, జిబాన్, లయన్‌మన్, సైబర్‌కాప్స్, బ్లాక్ కామెన్ రైడర్, లెక్కే లేదు. మంచివి, అంతంతమాత్రంవి కలిసిపోయాయి, పిల్లలకి మొహం మొత్తింది. తర్వాత 1993లో అమెరికాలో పవర్ రేంజర్స్ మొదలైంది. తోయే వాళ్ళ దృశ్యాలకే అమెరికా నటులని అతికించి తీసినది. అది బ్రెజిల్‌కి వచ్చాక అసలు జపాన్ సీరియళ్ళకి దారి మూసుకుపోయింది. 1994 సెప్టెంబరులో అదే మాన్షెచీ సెయింట్ సెయా అనే అనిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్, మొదలుపెట్టింది, ఇక పిల్లలంతా అనిమే వైపు మళ్ళిపోయారు. మాన్షెచీ కూడా అప్పుల్లో కూరుకుపోయి 1999లో మూతపడింది. చేంజ్‌మన్ గురించి ఎక్కువ చెప్పలేదని బాధగా ఉంది, అందులో విలన్ల సైన్యంలో సగంమంది తమ గ్రహాలు పోగొట్టుకుని, గెలిస్తే తిరిగిస్తారనే ఆశతో పనిచేసేవాళ్ళు, గేటర్ అనేవాడికి భార్య, కొడుకు కూడా ఉంటారు. జాస్పియన్ అయ్యాక తప్పకుండా చూడండి.

మళ్ళీ రావడం సాతో కంపెనీ వల్ల. హక్కులు తీసుకుని ఇంటర్నెట్లో పెట్టింది. 2020లో బాండ్ అనే ఛానల్ జాస్పియన్, చేంజ్‌మన్, జిరాయా మూడింటినీ మళ్ళీ టీవీలో వేసింది. ఆ ఏడాదే జేబీసీ ప్రచురణ సంస్థ తోయే అనుమతితో జాస్పియన్ తిరిగిరావడం మీద ఒక మాంగా, అంటే జపాన్ తరహా కామిక్, వేసింది. రాసింది, గీసింది ఫాబియో యాబు, మిషెల్ బోర్జెస్, ఇద్దరూ బ్రెజిల్ వాళ్ళే. జపాన్‌లో ఆగిపోయిన కథని బ్రెజిల్‌లో పోర్చుగీస్‌లో ముందుకి నడిపించారు.

గొంతుపని:

చుక్కలదారి గారూ, ఇప్పటిదాకా జపనీస్‌లో చూస్తున్నారు కదా. ఒక్క ఎపిసోడ్ పోర్చుగీస్‌లో పెట్టి చూడండి, సబ్‌టైటిల్స్ తీసేసి. జాస్పియన్ ఓడ డైలియన్ రోబోగా మారే దృశ్యం ఉన్న ఎపిసోడ్ అయితే ఇంకా మంచిది, అక్కడ ఆయన గొంతు వినాలి.

చుక్కలదారి:

పెట్టాను అండీ, మూడో ఎపిసోడ్. ఒక్క ముక్క అర్థం కాలేదు, చివరిదాకా చూశాను. మాక్‌గారెన్ అని పైకి అని చూశాను కూడా, మీరన్నది నిజమే. రాత్రికి నాలుగోది.